విశాఖ బడుల్లో కంటి పరీక్షలు: అద్దాలు పిల్లల ముక్కు మీద నిలిచేదాకా

విశాఖలో సేవా క్లబ్బులకు కొదవ లేదు. రోటరీ, లయన్స్ లాంటి పాతవి ఉన్నాయి, కాలనీ కుర్రాళ్లు కలిసి పెట్టుకున్నవీ ఉన్నాయి. పిల్లల కోసం ఏదైనా చేద్దామనుకోగానే అందరి చెయ్యీ నోటు పుస్తకాల మీదకే పోతుంది. ఒకే బడికి జూన్‌లో మూడు క్లబ్బులు పుస్తకాలు తెచ్చిన సందర్భాలు కొత్తేమీ కాదు. దానికన్నా కంటి పరీక్షల పని ఎంచుకోమని మా సలహా. మొదటి దశ పరీక్షను డాక్టరు కాని మనిషి కూడా రెండు గంటల శిక్షణతో సరిగ్గా చేయగలడు. ఎక్కువ మంది పిల్లలకు విరుగుడు ఒక జత కళ్లద్దాలే. బోర్డు కనబడక వెనకబడ్డ పిల్లను మొద్దు అనుకునే ప్రమాదం కూడా తప్పుతుంది.

ఈ పని చెడేదీ చాలా తేలిగ్గానే. ఫ్లెక్సీ కడతారు, వేదిక మీద శాలువాలు కప్పుతారు, ‘ఐదు వందల మందికి కంటి పరీక్షలు’ అని మర్నాడు పేపర్లో వస్తుంది. ఎంతమందికి అద్దాలు అందాయి, మూడు నెలల తర్వాత ఎంతమంది పెట్టుకుంటున్నారు అని అడిగితే లెక్క ఉండదు. కింద రాసినదంతా ఆ ఆఖరి అంకె కోసమే. మిగతా అంకెలు అక్కడికి దారి చూపితే చాలు.

లెక్క చివరి నుంచి వేయండి

ముందు అద్దాల డబ్బు, తర్వాత తేదీ. మూడు వందల మంది పిల్లలున్న బడి అనుకుందాం. నూటికి పది మంది దాకా అద్దాలు కావాల్సి రావచ్చు అనుకుని ముప్పై జతల డబ్బు పక్కన పెట్టండి. విరిగేవాటికి, పోగొట్టుకునేవాటికి ఇంకో ఆరు జతలు కలపండి. ఆసుపత్రికి వెళ్లాల్సిన కొద్దిమందికి దారి ఖర్చులు విడిగా రాసుకోండి. ఈ డబ్బు చేతిలో ఉంటేనే బడికి వెళ్లండి. ఒక బడికి సరిపోయే డబ్బుతో మూడు బళ్లలో పరీక్షలు చేసి, ‘మీ అమ్మాయికి చూపు తక్కువండి’ అని చెప్పి వచ్చేయడం కన్నా అసలు వెళ్లకపోవడమే మర్యాద.

బడ్జెట్‌లో సగానికి తగ్గకుండా అద్దాలకు పోవాలి. ఇంకో పావు వంతు తర్వాతి నెలల్లో తిరగడానికి. ఫ్లెక్సీ కావాలంటే సభ్యులు సొంత జేబులోంచి వేయించుకోవచ్చు.

ఇక క్యాలెండర్. రోటరీ, లయన్స్ క్లబ్బుల సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, ఆ రోజే ప్రెసిడెంటు మారతారు. పిల్లల సేవే ప్రధానంగా పెట్టుకున్న కివానిస్‌లో అది అక్టోబరు 1. ఫిబ్రవరిలో శిబిరం పెట్టిన క్లబ్బు బడి వార్షిక పరీక్షల సీజన్‌లో చిక్కుకుంటుంది, ఆ వెంటనే వేసవి సెలవులు, సెలవులయ్యేసరికి కొత్త ప్రెసిడెంటు, ఆయన కొత్త ప్రాజెక్టు. పాత బడి పిల్లలు ఎవరికీ గుర్తుండరు. అందుకే జూన్ 12 ప్రాంతంలో బళ్లు తెరవగానే మాట్లాడుకోండి. జూలైలో అనుమతులు, ఆగస్టులో స్క్రీనింగ్ (మొదటి దశ చూపు పరీక్ష), దసరా సెలవుల లోపు డాక్టరు పరీక్ష, సెలవులు కాగానే అద్దాలు. మొదటి తనిఖీ నవంబరులో, రెండోది సంక్రాంతి తర్వాత. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను వస్తే బళ్లు మూసేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఈ ఊళ్లోనే. కాబట్టి ఆ రెండు నెలల్లో పెట్టుకునే ప్రతి పనికీ ఒక మారు తేదీ రాసి ఉంచండి.

ప్రాజెక్టు బాధ్యత ప్రెసిడెంటుకు కాకుండా ముగ్గురు సభ్యుల కమిటీకి మూడేళ్లకు ఇవ్వండి. ప్రెసిడెంటు కుర్చీ మారినా పిల్లల వివరాలు రాసే రిజిస్టరు చేతులు మారకూడదు.

అనుమతులు, ఉత్తరాలు

మొదట హెడ్మాస్టరును కలవండి. తర్వాత ఆయన చెప్పిన దారిలో ఎంఈవో, డీఈవో కార్యాలయాలకు ఉత్తరం ఇవ్వండి. జీవీఎంసీ బడి అయితే కార్పొరేషన్‌కూ ఒక కాపీ వెళ్లాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మూడు ముక్కలయింది. పెందుర్తి, భీమిలి విశాఖ జిల్లాలోనే ఉన్నాయి. ఎలమంచిలి వైపు బడి అయితే అనకాపల్లి జిల్లా, అరకు, పాడేరు వైపు అయితే అల్లూరి సీతారామరాజు జిల్లా అధికారులు అనుమతి ఇవ్వాలి. పాత అలవాటున అన్నీ విశాఖ కలెక్టరేట్‌కు పట్టుకెళ్లి నెల పోగొట్టుకోకండి.

ఉత్తరంలో ఏ తరగతులు, ఏ తేదీ, ఏ గదులు, ఎంతమంది వలంటీర్లు, ఏ కంటి ఆసుపత్రి తోడు ఉంది, అద్దాల ఖర్చు ఎవరిది అన్నవి ఉంటే చాలు. ఆసుపత్రి ఒప్పందం ముందే కాగితం మీద ఉండాలి. హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జీఎంఆర్ వరలక్ష్మి ప్రాంగణం ఉంది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, నాయుడుతోట వైపు శంకర్ ఫౌండేషన్ ఉంది. మీ బడికి దగ్గరిదేదో, బడికే వచ్చి పరీక్ష చేసే బృందం ఎవరికి ఉందో కనుక్కోండి.

ఇంకో ఫోను కాల్ మరవకండి. ఆ ప్రాంతపు పట్టణ ఆరోగ్య కేంద్రానికి చేసి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) బృందం ఈ ఏడాది ఆ బడికి వచ్చిందా అని అడగండి. వచ్చి ఉంటే వాళ్ల జాబితాలో చూపు తక్కువని రాసిన పిల్లల పేర్లు ఉంటాయి. వాళ్లలో అద్దాలు అందనివాళ్లు ఎవరో చూసి అక్కడి నుంచే మొదలెట్టొచ్చు, సగం పని తగ్గుతుంది.

తల్లిదండ్రులకు పంపే చీటీ తెలుగులో, అర పేజీ దాటకుండా ఉండాలి. ఇలా:

‘మీ పాప లేదా బాబుకు బడిలో చూపు పరీక్ష చేయాలనుకుంటున్నాం. దూరంగా పెట్టిన అక్షరం ఎటు తిరిగి ఉందో చెయ్యి చూపించమంటాం, అంతే. ఆ రోజు కంట్లో ఏ మందూ వేయం. చూపు తక్కువ అనిపిస్తే కంటి డాక్టరుకు చూపిస్తాం. ఆ పరీక్షకు ముందు మళ్లీ మిమ్మల్ని అడుగుతాం. అద్దాలు కావాల్సి వస్తే డబ్బు తీసుకోం. ఫోటో తీయొచ్చో లేదో కింద విడిగా రాయండి. వద్దని రాసినా పరీక్ష ఆగదు.’

కింద సంతకం లేదా వేలిముద్ర, పగలు దొరికే ఫోను నంబరు, సాయంత్రం దొరికే ఫోను నంబరు. రెండో నంబరు అడగడం చాదస్తం కాదు. జాలరిపేటలో తల్లులు పొద్దున్నే చేపల బేరం మీద ఉంటారు. గాజువాక వైపు తండ్రులు షిఫ్టుల్లో ఉంటారు. పదకొండు గంటలకు ఫోను చేసి ‘ఎత్తడం లేదండి’ అని రిజిస్టర్లో రాసుకుంటే ఆ పిల్ల అక్కడే ఆగిపోతుంది.

ఏ తరగతులు?

అందరికీ చేయగలిగితే మంచిదే. చేయలేకపోతే ఒకటో తరగతి, ఆరు నుంచి పది తరగతులు పట్టుకోండి. దూరపు చూపు మందగించడం ఎక్కువగా పెద్ద తరగతుల్లోనే బయటపడుతుంది. ఒకటో తరగతి ఎందుకంటే, ఒక కన్ను బాగుండి రెండోది బలహీనంగా ఉన్న పిల్లకు తనకు లోపం ఉందని తెలియనే తెలియదు. మంచి కన్నే పని లాక్కొస్తుంది. ఆ బలహీన కన్నును ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే బాగుపడే అవకాశం ఎక్కువ, తర్వాత తగ్గిపోతుంది.

చార్టు, గది, వెలుతురు

పని పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

వాడాల్సింది నాలుగు దిక్కులకూ తిరిగి ఉండే ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరాల చార్టు. అక్షరాలు రాని పిల్లకూ, తెలుగు మీడియం పిల్లకూ, ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లకూ ఒకటే పరీక్ష అవుతుంది. మన దేశంలో బడి స్క్రీనింగ్‌కు మామూలుగా పాటించే హద్దు 6/9 గీత, అంటే మంచి చూపున్నవారు తొమ్మిది మీటర్ల నుంచి చదవగలిగే గీతను ఆరు మీటర్ల నుంచి చదవడం. ఏ ఒక్క కంటితోనైనా ఆ గీత చదవలేకపోతే డాక్టరు పరీక్షకు పంపాలి.

చార్టు కొన్నా, ఎవరైనా ఇచ్చినా, స్కేలు పెట్టి కొలవండి. ఆరు మీటర్ల చార్టులో 6/9 గీత మీద అక్షరం ఎత్తు 13 మిల్లీమీటర్లు ఉండాలి, 6/6 గీత మీద 8.7. మూడు మీటర్ల చార్టు అయితే వీటిలో సగం. జిరాక్సు తీసినప్పుడు, ఫోన్లో వచ్చిన పీడీఎఫ్‌ను ‘పేజీకి సరిపోయేలా’ అని ప్రింటు కొట్టినప్పుడు అక్షరం కుంచించుకుపోతుంది. అలాంటి చార్టుతో చూస్తే బాగా కనబడే పిల్లలు కూడా ఫెయిలవుతారు, ఆసుపత్రి వాళ్లు మీ జాబితా చూసి తల పట్టుకుంటారు. ఫ్లెక్సీ షాపులో పెద్దగా కొట్టించుకున్న చార్టు దీనికి సరిగ్గా వ్యతిరేకం, చూపు తక్కువున్న పిల్లలంతా పాసైపోతారు.

దూరం టేపుతో కొలవాలి, అడుగులు వేసి కాదు. ఆరు మీటర్లంటే పందొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు. ఇరవై అడుగుల తరగతి గదిలో కుర్చీ వేసేసరికి ఆ దూరం మిగలదు. అందుకే వరండా చూసుకోండి, లేదా మూడు మీటర్ల చార్టు తెచ్చుకోండి. గీసిన గీత మీదకు కుర్చీ వెనక కాళ్లు రావాలి, ఎందుకంటే కొలవాల్సింది పిల్ల కంటి నుంచి చార్టు దాకా. సుద్ద గీత గంటలో చెరిగిపోతుంది, ఇన్సులేషన్ టేపు అతికించండి.

చార్టు మధ్యభాగం కూర్చున్న పిల్ల కళ్ల ఎత్తుకు రావాలి. వెనక కిటికీ ఉంటే చార్టు నల్లగా కనబడుతుంది, ఎదురుగా కిటికీ ఉంటే లామినేషన్ మీద మెరుపు కొడుతుంది. సముద్రం వైపు తెరుచుకున్న వరండాల్లో పదింటి తర్వాత సున్నం గోడల మీద ఎండ పడి పిల్లలు కళ్లు చికిలిస్తారు. ముందు రోజు అదే సమయానికి వెళ్లి కుర్చీలో మీరే కూర్చుని చూడండి. కరెంటు పోయినా పని ఆగని చోటే ఎంచుకోండి.

వరుసలో నిలబడ్డ పిల్లలకు చార్టు కనబడకూడదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, ‘పైన, కింద, కుడి, కుడి, ఎడమ’ అని పాటలా బట్టీ పట్టి వచ్చేస్తారు. రెండు రకాల చార్టులు తెచ్చి మధ్యలో మారుస్తూ ఉండండి.

మనుషులు, వేగం

ఒక బల్లకు ముగ్గురు కావాలి. చార్టు దగ్గర ఒకరు, పిల్ల పక్కన కన్ను మూసే అట్టతో ఒకరు, రాసేవారు ఒకరు. ఒక బల్ల గంటకు ముప్పై మందిని చూడగలదు. అంతకన్నా జోరు చేస్తే నాణ్యత పోతుంది. మూడు వందల మందికి నాలుగు బల్లలు పెడితే రెండున్నర గంటల్లో అవుతుంది. తొమ్మిదీ పావుకు మొదలెడితే మధ్యాహ్న భోజనం లోపు ముగుస్తుంది. అంటే పన్నెండు మంది, తలుపు దగ్గర ఇద్దరు, అటూ ఇటూ తిరిగి చూసుకునేవారు ఒకరు, మొత్తం పదిహేను మంది. ఒకటో తరగతి పిల్లలను ముందు పిలవండి, పదకొండు దాటితే వాళ్లు ఏ దిక్కు అడిగినా ఒకే చెయ్యి ఊపుతారు.

శిక్షణ రెండు గంటలు. ప్రతి వలంటీరూ పదిమందికి పరీక్ష చేసి చూపించాలి, ఆప్టోమెట్రిస్టు (చూపు పరీక్షించి పవరు తేల్చే నిపుణులు) పక్కన ఉండాలి. పరీక్ష రోజున పాసైన పిల్లల్లో పదికి ఒకరిని ఆప్టోమెట్రిస్టు మళ్లీ చూడాలి. ఏ బల్ల దగ్గర తేడా వస్తుందో పది గంటలకే తెలిసిపోతుంది, అక్కడ మనుషులను మార్చేయొచ్చు.

బల్ల దగ్గర

పిల్ల కూర్చోగానే అట్ట మీద పెద్ద ‘ఈ’ చూపించి, ‘నాన్నా, ఈ మూడు వేళ్లూ ఎటు చూస్తున్నాయో నీ చేత్తో అటు చూపించు’ అనండి. దగ్గర నుంచి రెండు మూడుసార్లు సరిగ్గా చూపించాకే దూరపు చార్టుకు వెళ్లండి. కుడి ఎడమల పేర్లు అడగొద్దు. చాలామంది పిల్లలు అక్కడ తడబడతారు, అది చూపు లోపం కాదు.

ముందు ఎడమ కన్ను మూసి కుడి కన్ను, తర్వాత రెండోది. అందరికీ అదే వరుస ఉంటే రాసేవారు తారుమారు చేయరు. కన్ను మూయడానికి పిల్ల వేళ్లు వాడనివ్వొద్దు, సందుల్లోంచి చూస్తారు. చేత్తో నొక్కినా ఆ కన్ను తర్వాత కాసేపు మసకగా ఉంటుంది. అట్ట ముక్కు మీదకు ఆనాలి, కంటికి తగలకూడదు. పిల్ల పక్కన ఉన్న వలంటీరు చూడాల్సింది చార్టును కాదు, పిల్ల ముఖాన్ని. తల పక్కకు తిప్పుతోందా, ముందుకు వంగుతోందా, కన్ను చికిలిస్తోందా? చికిలిస్తే చూపు కాస్త మెరుగవుతుంది, లోపం దాక్కుంటుంది.

6/9 గీతలో ఐదు అక్షరాలుంటే నాలుగు సరిగ్గా చెప్పాలి. నాలుగు దిక్కుల్లో గుడ్డిగా చెప్పినా నాలుగింట ఒకటి తగులుతుంది, కాబట్టి రెండు మూడు సరిపోయాయని వదిలేయకూడదు. అక్షరాన్ని పుల్లతో చూపించొచ్చు కానీ పక్క అక్షరాలను చేత్తో కప్పేయకండి. బలహీన కన్ను ఒంటరి అక్షరాన్ని తేలిగ్గా చదివేస్తుంది, వరుసలో ఉన్నప్పుడే తికమక పడుతుంది. ‘బాగా చూడు, అటు కాదు’ అనే టీచరమ్మను మర్యాదగా స్టాఫ్ రూముకు పంపించేయండి.

ఇప్పటికే అద్దాలున్న పిల్లకు అద్దాలతోనే పరీక్ష. బడికి తేకపోతే ‘అద్దాలు ఇంట్లో’ అని రాసి, మర్నాడు తెమ్మనాలి. ఫెయిలైన పిల్లను అరగంట ఆగి ఇంకోసారి చూడండి. రెండోసారీ చదవలేకపోతే జాబితాలోకి. దగ్గరి చూపు లోపం ఉన్న పిల్లలు ఈ దూరపు చార్టును దాటేయగలరు, చదివితే తలనొప్పి అనేవాళ్లను చార్టు పాసైనా ఆప్టోమెట్రిస్టుకు చూపించండి.

ఆ పిల్లకు అక్కడే అందరి ముందు ‘నువ్వు ఫెయిల్’ అనకూడదు. చీటీ రంగులతో విడదీయడమూ వద్దు. ఎర్ర చీటీ పట్టుకున్న పిల్లకు ఇంటర్వెల్లోనే పేరు పెట్టేస్తారు. అందరికీ ఒకేలాంటి మడత చీటీ ఇవ్వండి, ఫలితం లోపల ఉంటుంది.

కొందరిని చార్టుతో నిమిత్తం లేకుండా నేరుగా పంపాలి. కనుపాపలో తెల్లగా మెరుస్తున్నట్టు కనబడితే అదే వారంలో, వీలైతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అది పొర కావచ్చు, కంటి లోపలి కణితీ కావచ్చు, ఆలస్యానికి తావు లేదు. మెల్లకన్ను, వాలిన రెప్ప, తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చ, చీకటి పడితే కనబడడం లేదన్న మాట, దెబ్బ తగిలిన కన్ను, ఇవన్నీ రాసుకోండి. కళ్లకలకతో ఎర్రబడిన పిల్లను ఆ రోజు పరీక్షలో కూర్చోబెట్టకుండా తగ్గాక చూడండి. లేకపోతే ఆ అట్ట నుంచే పాతికమందికి అంటుతుంది. మామూలు రోజుల్లోనూ ప్రతి పిల్లకూ అట్ట తుడవాలి.

డాక్టరు పరీక్ష రోజు

ఆసుపత్రి బృందాన్ని బడికి రప్పించడమే మేలు. మల్కాపురం నుంచి హనుమంతవాకకు రెండు బస్సులు మారి వెళ్లాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. చీటీ ఇచ్చి ‘చూపించుకోండమ్మా’ అంటే సగం మంది వెళ్లరు, వాళ్లను తప్పు పట్టడానికీ లేదు. తప్పనిసరిగా ఆసుపత్రికే వెళ్లాల్సి వస్తే క్లబ్బే బండి కట్టించాలి. ప్రతి పిల్లకూ తల్లో తండ్రో తోడు, బండిలో ఇద్దరు వలంటీర్లు, అందులో ఒకరు ఆడవారు.

పిల్లల పవరు సరిగ్గా తేలాలంటే కంట్లో చుక్కలు వేయాల్సి రావచ్చు. లేకపోతే కంటి కండరం బిగుసుకుని లేని మైనస్ పవరు చూపిస్తుంది. చుక్కలు వేశాక దగ్గరి అక్షరాలు మసకబారతాయి, వెలుతురు భరించలేరు. మందును బట్టి అది ఒక రోజు నుంచి వారం పైదాకా ఉండొచ్చు. కాబట్టి బడి పరీక్షల వారంలో ఈ పని వద్దు. ముందు రోజు తల్లిదండ్రులకు ఫోను చేసి చెప్పి, ఇంటికి వెళ్లేటప్పుడు టోపీ ఇవ్వండి. చెప్పకుండా చేస్తే ‘మందేసి కళ్లు పాడుచేశారు’ అన్న మాట ఆ సాయంత్రానికి పేటంతా పాకుతుంది, మరుసటి ఏడు ఎవరూ సంతకం పెట్టరు.

అద్దాలు

రెండు కళ్లకూ దాదాపు ఒకే పవరుండి, సిలిండర్ పవరు (కంటి వంపు ఒక దిక్కున తేడాగా ఉంటే కావాల్సిన పవరు) లేనట్టే ఉన్న పిల్లలకు రెడీమేడ్ అద్దాలు అక్కడికక్కడే ఇచ్చేయొచ్చని ఆప్టోమెట్రిస్టు చెబితే ఇవ్వండి. మిగతావారికి చేయించాలి. గాజు లెన్సులు వద్దు, ప్లాస్టిక్ లేదా పాలీకార్బనేట్ కావాలి. బంతి తగిలితే గాజు కంట్లో గుచ్చుకుంటుంది. ఫ్రేము కూడా ప్లాస్టిక్‌దే మేలు. ఉప్పు గాలికి లోహపు ఫ్రేముల మరలు తుప్పు పడతాయి.

ఫ్రేము పిల్ల చేత ఎంపిక చేయించండి, వాదన లేదు. ఐదారు రకాలు, ఐదారు రంగులు, ఒక అద్దం బల్ల మీద పెట్టండి. అందరికీ ఒకే నల్ల ఫ్రేము హోల్‌సేల్‌లో చవగ్గా వస్తుంది. కానీ అది చూడగానే ‘ఉచితంగా ఇచ్చిన అద్దాలు’ అని తెలిసిపోతుంది, తొమ్మిదో తరగతి ఆడపిల్ల దాన్ని సంచిలోంచి బయటకు తీయదు.

పరీక్షకూ అద్దాలకూ మధ్య మూడు వారాలు మించనివ్వకండి. ఇచ్చే రోజు ఆప్టోమెట్రిస్టు ఉండాలి. అద్దాలు పెట్టి చార్టు చదివించాలి, కిందికి వంచి జారుతున్నాయేమో చూడాలి, చెవి వెనక ఒరుసుకుంటోందేమో అడగాలి. ఒక కవరులో వేరే పిల్ల అద్దాలు వచ్చేయడం జరిగేదే, అక్కడే దొరుకుతుంది. తుడవడం కూడా నేర్పాలి. ఈ ఊళ్లో లెన్సు మీద ఉప్పు, దుమ్ము పొరలా పేరుకుంటాయి. పొడిగా గౌను అంచుతో రుద్దితే నెలలో గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడిగి, తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి.

వేదిక మీద అతిథి చేత పెట్టించాలన్న కోరికను క్లబ్బులో ఎవరో ఒకరు తప్పకుండా బయటపెడతారు. తరగతి గదిలో, టీచరు చేతుల మీదుగా ఇవ్వండి. రోజూ ‘అద్దాలేవమ్మా?’ అని అడగాల్సింది ఆ టీచరే. బోర్డుకు దగ్గరి బెంచీలో కూర్చోబెట్టాల్సిందీ ఆమే.

ఇంటి దగ్గర మాట

అద్దాలు ఇచ్చిన రెండు రోజుల్లో ప్రతి ఇంటికీ ఫోను వెళ్లాలి. ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే.

‘అద్దాలెట్టుకుంటే పవరు ఇంకా పెరిగిపోద్దంట కదండీ?’

‘పెరగదమ్మా. పిల్లలు ఎదిగే వయసు కాబట్టి పవరు మారుతుంది, అద్దాలు పెట్టినా మారుతుంది, పెట్టకపోయినా మారుతుంది. పెట్టుకుంటే బోర్డు కనబడుతుంది. ఏడాదికోసారి మళ్లీ చూపిస్తే చాలు. సాయంత్రం కాసేపు బయట ఆడుకోనివ్వండి, కంటికి అది మంచిదే.’

అంతే చెప్పండి. ఉపన్యాసం వద్దు. ‘ఆడపిల్లకు అద్దాలేంటి, రేపు సంబంధాలు ఎలా?’ అనే నాయనమ్మ ఉన్న ఇంటికి మాత్రం ఫోను సరిపోదు. ఆ వీధి ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఒక ఆడ సభ్యురాలు సాయంత్రం వెళ్లాలి.

తనిఖీ, రిజిస్టరు

ఒక నెలకు, మూడు నెలలకు ముందు చెప్పకుండా బడికి వెళ్లండి. చెప్పి వెళితే ఆ రోజు అందరి ముఖాల మీదా అద్దాలుంటాయి. ప్రతి పేరు ఎదురుగా నాలుగు గడుల్లో ఒకటి టిక్కు పెట్టండి: పెట్టుకుని ఉంది, సంచిలో ఉంది, ఇంట్లో ఉంది, విరిగింది లేదా పోయింది. సంచిలో ఉన్నాయంటే ఎగతాళో తలనొప్పో కారణం. తలనొప్పి అయితే పవరు మళ్లీ చూపించండి. ఇంట్లో ఉన్నాయంటే విరిగిపోతాయని తల్లి దాచి ఉంటుంది, ‘విరిగితే ఇంకోటి ఇస్తాం’ అని ఒక్క మాట చెబితే బడికి వస్తాయి. ఆ ఆరు అదనపు జతలు ఇందుకే.

ఇలా తిరిగి వెళ్లడం ఏం సాధిస్తుందో పోలియో పని చూపించింది. భారతదేశంలో సహజ (వైల్డ్) వైరస్‌తో వచ్చిన ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్ ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఆ పనిలో ప్రభుత్వ సిబ్బందితో పాటు పోలియో చుక్కల కేంద్రాల్లో కూర్చున్న రోటరీ సభ్యులూ ఉన్నారు. ఏటేటా అదే వీధికి తిరిగి వెళ్లి, తప్పిపోయిన ఇంటి తలుపు మళ్లీ తట్టడం వల్లే అది సాధ్యమైంది. కంటి పనిలో మాత్రం రెండోసారి వెళ్లేవాళ్లే తక్కువ.

పిల్లల భద్రత

ఏ వలంటీరూ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఇందులో ప్రెసిడెంటుకూ, డాక్టరుకూ మినహాయింపు లేదు. పిల్లల ఫోను నంబర్లు వలంటీర్ల సొంత ఫోన్లలోకి ఎక్కకూడదు, కాల్స్ అన్నీ క్లబ్బు నంబరు నుంచే. రిజిస్టరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మానాలి. ఫోటోలు తీస్తే వెనక నుంచి, గుంపుగా తీయండి. అద్దాలు పెట్టుకున్న ఒక్క పిల్ల ముఖం మీద క్లబ్బు పేరు వేసి పోస్టరు చేయకండి, తల్లి ఒప్పుకున్నా సరే.

మాటల్లో ఎవరైనా పిల్ల తనకు జరుగుతున్న హింస గురించి చెబితే మీరు విచారణ మొదలుపెట్టకండి. విని, ఆమె చెప్పిన మాటలే రాసుకుని, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. లైంగిక హింస అయితే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, ‘బడి పరువు’ అని ఆపే హక్కు ఎవరికీ లేదు.

ఏప్రిల్‌లో బళ్లు మూసేముందు ఒక్క పని మిగులుతుంది. మీ జాబితాలో ఐదో తరగతి పిల్లలు ఎవరున్నారో, వాళ్లు జూన్‌లో ఏ హైస్కూలుకు వెళ్తున్నారో హెడ్మాస్టరును అడిగి రిజిస్టర్లో రాసుకోండి. ఆ హైస్కూలు హెడ్మాస్టరుకు పేర్లు, పవరు, తర్వాతి పరీక్ష నెల ఉన్న జాబితా సీల్డు కవర్లో ఇవ్వండి, ఒక కాపీ కమిటీ దగ్గర ఉంచుకోండి.